కార్డు దూర్చితి: సటీకా తాత్పర్యము

అవతారిక

కాళిదాసుకు మన మెదకు సీమ మల్లినాథసూరి దొరికాడు కాబట్టి సరిపోయింది. కంప్యూటరు తెర మీద పడే మాటలకు మాత్రం ఇంతవరకు వ్యాఖ్యాత పుట్టలేదు. సూత్రకారులకన్నా పొదుపుగా మాట్లాడే యంత్రం అది. కుదరదంటుంది, ఎందుకు కుదరదో చెప్పదు. ఆ లోటు కాస్తయినా పూడ్చుదామని ఒక తేటగీతి కూర్చి, వావిళ్ల వారి ఫక్కీలో టీకా తాత్పర్యాలు జోడించి పాఠకుల ముందుంచుతున్నాం. పద్యం ఒక చిన్న ఊరి ఫొటో స్టూడియో యజమాని నోట పలికించినది. తెల్లవారుజాము ముహూర్తం పెళ్లి ముగించుకొచ్చి, మెడలో కెమెరా బెల్టు తీయకుండానే కంప్యూటరు ముందు కూర్చున్నాడు. ‘ఓ నాలుగు ఫొటోలు పంపన్నా, స్టేటస్ పెట్టుకోవాలి’ అని పెళ్లికూతురి తమ్ముడు అప్పటికే వాట్సాప్‌లో తగులుకున్నాడు. ఇదీ సందర్భం.

మూలము

కార్డు దూర్చితి రీడరు కాంచదాయె
తీగ మార్చితి చిక్కేమొ తీరదాయె
కొంటె యంత్రము ఫార్మాటు కొట్టుమనును
వలదు వలదన్న పెండ్లంత వల్లకాడు

టీక

కార్డు = కెమెరాలోంచి తీసిన ఎస్‌డీ కార్డును. 1999లో మత్సుషిత (నేటి పానసోనిక్), శాన్‌డిస్క్, తోషిబా కలిసి పుట్టించిన జాతి ఇది. పైకి అన్నీ 32 మిల్లీమీటర్ల పొడవు, 24 మిల్లీమీటర్ల వెడల్పే. లోపల మాత్రం శాఖాభేదాలున్నాయి. 2 జీబీ దాకా ఒట్టి ఎస్‌డీ, అది దాటితే 32 జీబీ దాకా ఎస్‌డీహెచ్‌సీ, ఆపైన 2 టీబీ వరకు ఎస్‌డీఎక్స్‌సీ. ఏ శాఖో కార్డు మీదే కంటికి ఆనని అక్షరాలతో రాసి ఉంటుంది. కొనేటప్పుడు ఎవరూ చదవరు.

దూర్చితి = దూర్చాను. ‘పెట్టితి’ అన్నా గణం చెడదు, యతికీ ఢోకా లేదు. అయినా కవి దూర్చాడు. తెల్లవార్లూ నిద్ర లేనివాడి చెయ్యి ఎలా ఉంటుందో ఈ క్రియలో ధ్వనిస్తోంది. కార్డుకు ఒక మూల కత్తిరించి ఉన్నదే అది ఒక్క వైపు నుంచే పోతుందని చెప్పడానికి. పోనప్పుడు తిప్పి చూడాలి గాని బొటనవేలితో అదమకూడదు. లోపలి రేకులు వంగితే ఈ పద్యానికి మా టీక చాలదు, మెకానిక్కు కావాలి.

కార్డు ఎడమ అంచున ఒక బుల్లి ప్లాస్టిక్ మీట ఉంటుంది, అదే లాక్. అది కిందికి జారి ఉందేమోనని కొందరు మొదట దాన్నే అనుమానిస్తారు. అనవసరం. లాక్ పడితే కార్డు మీద రాయడం కుదరదు గాని చదవడానికి అడ్డేమీ లేదు. ఇంకో విశేషం: ఆ మీట సంగతి కార్డుకే తెలియదు. దాని లోపలి చిప్పుతో మీటకు ఏ సంబంధమూ లేదు. రీడరులో ఉండే చిన్న స్విచ్చి ఆ మీట ఎక్కడుందో తడిమి చూసుకొని కంప్యూటరుకు చెబుతుంది. కొన్ని రీడర్లు ఆ మాటే ఎత్తవు. ఏమైనా, కంప్యూటరులో పెట్టబోయే ముందు కావాలని లాక్ వేసి పెట్టడమే మేలని మా మతం. ‘కట్’ కొట్టి ‘పేస్ట్’ చేసేవారికి ఇది గిట్టదు. గిట్టకపోవడమే దాని సుగుణం. కరెంటు పోయి సగం ఫొటోలు అక్కడ, సగం ఇక్కడ మిగిలిన స్టూడియోవాడిని అడిగితే కాపీకీ కట్‌కీ తేడా చెబుతాడు.

రీడరు = కార్డు చదివే సాధనము; కాంచదాయె = చూడకపోయింది.

శంక: చూడనిది ఎవరు? రీడరు కార్డును చూడలేదా, కంప్యూటరు రీడరును చూడలేదా?

సమాధానం: పద్యంలో తేలదు, స్టూడియోలోనూ వెంటనే తేలదు. అందుకే ఇక్కడ తార్కికుల అన్వయ వ్యతిరేకాలను ఆశ్రయించాలి. ఉంటే ఉంటుంది, లేకుంటే ఉండదు అని రెండు విధాలా చూశాకే కారణం ఇదీ అని తేల్చమన్నారు వాళ్లు. కాబట్టి అదే రీడరులో ఇంకో కార్డు పెట్టి చూడాలి. కనబడిందా, రీడరు నిర్దోషి. ఈ కార్డును తిరిగి కెమెరాలో వేసి ప్లే బటన్ నొక్కాలి. జీలకర్ర బెల్లం కనబడిందా, కార్డూ నిర్దోషే. విడివిడిగా ఇద్దరూ మంచివాళ్లై, కలిసినప్పుడే తగువొస్తే అది పొంతన కుదరని సంబంధం. కొత్త 64 జీబీ కార్డును పదిహేనేళ్ల నాటి రీడరులో పెడితే కొన్నిసార్లు జరిగేది ఇదే. ఆ రీడరు ఎస్‌డీహెచ్‌సీ కాలానిది, ఎస్‌డీఎక్స్‌సీ భాష రాకపోవచ్చు. రీడరు కొత్తదైనా కంప్యూటరు పాత విండోస్ ఎక్స్‌పీ అయితే మరో తంటా. 64 జీబీ కార్డులు ఎక్స్‌ఫ్యాట్ పద్ధతిలో ఉంటాయి, ఎక్స్‌పీకి దానికోసం ప్రత్యేకంగా అప్‌డేట్ వేయాలి. వేయకపోతే నిక్షేపంలాంటి కార్డును పట్టుకొని ఫార్మాట్ చేసి లేదంటుంది.

రీడరు పేరు కనబడి, లోపల డ్రైవ్ మాత్రం కనబడని స్థితి ఒకటుంది. దానికి అక్షరదోషం అని మేం పేరు పెట్టాం. కార్డుకు రావలసిన డ్రైవ్ అక్షరాన్ని అప్పటికే ఇంకొకరు ఆక్రమించి ఉంటారు. డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి ఖాళీగా ఉన్న ఇంకో అక్షరం ఇస్తే ఫొటోలన్నీ ప్రత్యక్షం. ఇంత తేలికైన దోషానికి కొత్త కార్డు కొన్నవాళ్లున్నారు.

కొందరు ప్రాచీనులు కార్డు తీసి నోటితో ఉఫ్ అని ఊది మళ్లీ పెట్టమంటారు. ఊపిరితో పాటు తడి కూడా పోతుంది గనుక ఈ మతాన్ని మేం అంగీకరించం. పొడి మెత్తటి గుడ్డతో బంగారు రంగు గీతలు తుడిస్తే చాలు. ఊదినవాళ్లకు పని జరిగిన మాట నిజమే. జరిగింది ఊదినందుకు కాదు, తీసి పెట్టినందుకు.

తీగ = యూఎస్‌బీ కేబులును; మార్చితి = మార్చాను. అంటే రీడరు మీద ఆశ వదులుకొని కెమెరానే నేరుగా కలిపాడన్నమాట. ఆ తీగ ఎక్కడిదో చూడాలి. మామూలు యూఎస్‌బీ తీగలో కరెంటుకు రెండు పోగులు, సమాచారానికి రెండు పోగులు ఉంటాయి. బస్టాండు బయట బండి మీద దొరికే చార్జింగ్ తీగల్లో చాలావాటికి ఆ రెండో జత ఉండనే ఉండదు. దానితో కెమెరాకు చార్జింగ్ ఎక్కితే ఎక్కవచ్చు గాని ఫొటో ఒక్కటి కూడా దిగదు. మరో మాట, కెమెరా ఆన్‌లో ఉండాలి. నవ్వకండి, చాలామంది ఆఫ్ చేసి తగిలిస్తారు. ఆన్ చేశాక కూడా డ్రైవ్ అక్షరం కోసం కాచుకొని కూర్చోకూడదు. చాలా కెమెరాలు పీటీపీ అనే పద్ధతిలో మాట్లాడతాయి కాబట్టి ఈ, ఎఫ్ అని డ్రైవుగా రావు, కెమెరా పేరుతోనే ఒక బొమ్మగా వస్తాయి. డబ్బా ముందు వైపు రంధ్రంలో పని చేయకపోతే వెనక వైపుది ప్రయత్నించాలి. వెనకవి మదర్‌బోర్డుకే అతికి ఉంటాయి, ముందువి ఇంకో తీగ సాయంతో బతుకుతుంటాయి.

చిక్కేమొ తీరదాయె = స్పష్టము.

కొంటె యంత్రము = చిలిపిదైన కంప్యూటరు; ఫార్మాటు కొట్టుమనును = ‘ఈ డిస్కును వాడాలంటే ముందు ఫార్మాట్ చేయాలి, చేయనా?’ అని అడుగును. ఈ పాదమే పద్యానికి ప్రాణం. యంత్రాన్ని ‘క్రూర’ అనకుండా ‘కొంటె’ అన్నాడంటే కవి దాని స్వభావం ఎరిగినవాడు. అది అబద్ధమాడలేదు. చెప్పవలసినది చెప్పలేదు, అంతే. కార్డు మొదట్లో ఏ ఫొటో ఎక్కడుందో రాసి పెట్టుకున్న పట్టిక ఒకటుంటుంది. కాపీ అవుతుండగా కార్డు లాగేసినా, కెమెరా రాస్తుండగా బ్యాటరీ అయిపోయినా ఆ పట్టిక చెడుతుంది. పుస్తకంలో విషయసూచిక చిరిగినంత మాత్రాన అధ్యాయాలు ఎక్కడికి పోతాయి? ఫొటోలూ అలాగే ఉన్నచోటే ఉంటాయి. యంత్రం పూర్తి మాట ఇది: ‘పట్టిక నాకు అర్థం కావడం లేదు, కొత్తది రాసుకోనా?’ ఇందులో మొదటి సగం మింగేసి రెండో సగమే అడుగుతుంది. నిద్రమత్తులో ఉన్నవాడు సరే అంటాడు. సరే అనే మీటను ఎప్పుడూ చేతికి దగ్గరగా, రంగు వేసి పెడతారు.

వలదు వలదన్న = వద్దు, వద్దు అన్నా! ఈ మాట అన్నది ఎవరనే విషయంలో భేదాభిప్రాయాలున్నాయి. స్టూడియో యజమాని తనకు తానే చెప్పుకున్నాడని ఒకరు, పక్కనే నిలబడిన అసిస్టెంటు కుర్రాడి కేక అని మరొకరు. రెండోదే సమంజసం. ఇలాంటి వేళ సరైన మాట జీతం తక్కువవాడి నోటే వస్తుంది.

పెండ్లంత = పెళ్లి మొత్తము; వల్లకాడు = శ్మశానము (అగును). పెళ్లినీ వల్లకాటినీ ఒకే పాదంలో కూర్చడం అమంగళ దోషం కదా అని ఆక్షేపించవచ్చు. ఒప్పుకుంటాం. ఆడపెళ్లివారు ఇంటి ముందుకొచ్చి నిలబడ్డప్పుడు వాడే మాటలతో పోలిస్తే ఇది మంగళప్రదమే.

ఇందులో అతిశయోక్తి కూడా ఉంది. ఫార్మాట్ కొట్టగానే అంతా బూడిద కాదు. ‘క్విక్ ఫార్మాట్’ పట్టికను మాత్రమే మారుస్తుంది. ఆ పక్కనున్న టిక్కు తీసేసి పూర్తి ఫార్మాట్ కొడితే, విస్టా మొదలుకొని వచ్చిన విండోసులు కార్డు పొడవునా సున్నాలు చుట్టుకుంటూ పోతాయి. కవి చెప్పిన వల్లకాడు అక్కడిదే.

తాత్పర్యము

కార్డు చూపుకు ఆనకపోతే ఎవరికి ఆనడం లేదో కనుక్కో. ఫార్మాట్ అడిగితే రద్దు కొట్టి, కార్డు తీసి, లాక్ వేసి, జేబులో వేసుకో. ముఖ్యంగా ఆ కార్డుతో ఇంకో ఫొటో తీయకు.

విశేషాంశములు

సూచిక చిరిగిన కార్డు నుంచి ఫొటోలు లాగడానికి ఫొటోరెక్ అని ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేరు ఉంది. మీమాంసకులు ఉపక్రమోపసంహారాలు చూసి గ్రంథతాత్పర్యం తేలుస్తారు కదా, ఇదీ ఆ సంప్రదాయంలోదే. జేపెగ్ ఫొటో ఏదైనా ఎఫ్ఎఫ్ డీ8 అనే బైట్లతో మొదలై ఎఫ్ఎఫ్ డీ9తో ముగుస్తుంది. ఫొటోరెక్ పట్టిక జోలికి పోకుండా ఇలాంటి ఆనవాళ్లను కార్డంతా వెతికి ఫొటోలను ఏరుకొస్తుంది. ఏరినవాటిని హార్డ్ డిస్కులో దాచాలి గాని తిరిగి అదే కార్డులో పొయ్యకూడదు. ముక్కలుగా విడిపోయిన వీడియోల దగ్గర మాత్రం ఈ విద్య తడబడుతుంది.

వీడియోల మాట వచ్చింది గనుక: చాలామంది డీసీఐఎం అనే ఫోల్డరు ఒక్కటే కాపీ చేసి వీడియోలు లేవని గుండె బాదుకుంటారు. కొన్ని కెమెరాలు వాటిని ‘ప్రైవేట్’ అనే పక్క ఫోల్డరులో పెడతాయి. పేరు చూసి, మనకెందుకులే అని మర్యాదగా వదిలేస్తారు. 2 జీబీ దాటి 32 జీబీ దాకా ఉన్న కార్డుల్లో ఉండే ఫ్యాట్32 పద్ధతిలో ఒక్క ఫైలు 4 జీబీ మించకూడదు. అందుచేత పొడుగు వీడియోను కెమెరా ముక్కలు చేస్తుంది. మాంగల్యధారణ రెండో ముక్కలో పడి, మొదటి ముక్క మాత్రమే ఇచ్చిన సందర్భాన్ని పాఠకులే ఊహించుకోగలరు.

పునరుక్తి దోషం: ఫొటోల పేర్లకు నాలుగంకెలే గనుక 9999 తర్వాత మళ్లీ 0001. పాత పెళ్లి ఫోల్డరులోనే కొత్త పెళ్లి పోస్తే ‘ఈ పేరుతో ఇంకొకటి ఉంది, దాని స్థానంలో ఇది పెట్టనా?’ అని అడుగుతుంది. పెట్టమంటే ఒక వరుడు పోయి ఇంకో వరుడు వస్తాడు. పెళ్లికొక ఫోల్డరు తెరవడం దీనికి శాంతి.

క్రమభంగం: ఫొటోరెక్ ఏరిన ఫొటోలకు పాత పేర్లుండవు. ఎఫ్ అక్షరం, దాని వెనక పెద్ద అంకె, అంతే. అప్పుడు ఫొటో లోపల దాగి ఉన్న తీసిన సమయాన్ని బట్టి వరుస పెట్టాలి. కెమెరా ఒకటే అయితే గడియారం తప్పినా వరుస తప్పదు. పెళ్లికి రెండు కెమెరాలు తిరిగి, ఒకదాని గడియారం రెండు గంటలు వెనకబడి ఉంటే, ఆల్బంలో తలంబ్రాలు పోసుకున్నాక కాశీయాత్రకు బయలుదేరతాడు వరుడు. రెండు కెమెరాలకూ దొరికిన ఒకే క్షణాన్ని పట్టుకోవాలి, పుస్తెలు కడుతున్న క్షణమైతే శ్రేష్ఠం. వాటి మధ్య తేడా చూసి, వెనకబడ్డ కెమెరా ఫొటోలన్నిటికీ ఒకేసారి అన్ని నిమిషాలు కలపాలి. లైట్‌రూమ్ లాంటివాటిలో ఆ సౌకర్యం ఉంది. అది చేతకాకపోతే వరుస చెప్పడానికి పురోహితుణ్ని పిలిపించుకోవాలి, సంభావన విడిగా.