ఔట్‌డోర్ ఎక్కడ పెడదామండీ?

రోహిణి కార్తె ఇంకా నెల ఉందనగానే రాజమండ్రిలో ఏసీ మెకానిక్ ఫోను ఎత్తడం మానేస్తాడు. గోదారొడ్డున ఉన్నవాళ్లకి ఏసీలెందుకని పైఊళ్ల చుట్టాలు వేళాకోళమాడతారు గానీ, గాలి వీస్తే వడ, వీయకపోతే ఉక్క, ఇదీ ఇక్కడి వేసవి. 2015 వడగాడ్పులకు ఆంధ్రప్రదేశ్‌లో వెయ్యిమందికి పైగా పోయారు. ఏసీని విలాసమనే నోళ్లు ఆ తర్వాత చాలామటుకు మూతబడ్డాయి.

కొత్త ఏసీ ఇంటికొచ్చిన రోజు ఇండోర్ ఎక్కడ పెట్టాలన్నదాని మీద ఇంటిల్లిపాదీ సభ తీరుస్తారు. దేవుడి పటానికి ఎదురు రాకూడదు, తాతగారి మోకాళ్లకు గాలి తగలకూడదు, అల్లుడొస్తే మంచం ఎటు తిప్పుతామో అదీ చూసుకోవాలి. ఇదంతా తేలాక, మెకానిక్ కుర్రాడు గుమ్మంలో నిలబడి అసలు సంగతి అడుగుతాడు.

“ఔట్‌డోర్ ఎక్కడ పెడదామండీ?”

“ముందువైపు మాత్రం వద్దు బాబూ, ఎలివేషన్ పాడైపోద్ది.”

“డాబా మీద పెట్టేద్దామాండి?”

“కాపర్ పైపు ఎక్కువ పడుద్ది కదా. దానికి మళ్లీ డబ్బులంటావు.”

“పోనీ బాల్కనీలో?”

“అక్కడ మా ఆవిడ వడియాలు పెడుద్ది.”

ఈశాన్యంలో బరువు కూడదని లోపలినుంచి ఇంకో గొంతు. వాస్తు, వడియాలు, ఎలివేషన్ పోగా మిగిలేది ఒక్కటే: పెరటివైపు, రెండో అంతస్తులో, బాత్రూం వెంటిలేటర్ పక్కన, కింద మురిక్కాలవ, పక్కన కరెంటు తీగ. కుర్రాడు తల పైకెత్తి ఒకసారి చూస్తాడు. “ఆయ్, అలాగేనండి” అంటాడు. సీజన్లో బేరం పోగొట్టుకునే స్తోమత అతనికి లేదు.

ఆ చోటు ఎంచినాయన జన్మలో అక్కడికి వెళ్లడు. వెళ్లాల్సిందల్లా ఈ కుర్రాడే. ఈ రోజొక్కటే కాదు, సర్వీసింగ్‌కి, గ్యాస్ తగ్గినప్పుడు, కాకి గూడు పెట్టినప్పుడు, ఏడాది పొడుగునా.

అతను కాలు పెట్టేది సన్‌సైడ్ మీద. గోడలోంచి రెండడుగులు ముందుకొచ్చిన ఆ పలచటి పలక ఎండకీ జల్లుకీ అడ్డం. మనిషిని మోయడం దాని ఉద్యోగంలో లేదు. అలా ఒకవైపే ఆధారం ఉన్న పలకలో ఇనుము పైభాగాన ఉండాలి. పోత రోజున ఎవరైనా ఆ ఊచల మీద నడిస్తే అవి అడుక్కి దిగిపోతాయి, దాంతో పలక బలం అక్కడితో సరి. ఏ ఇంటి సన్‌సైడ్‌లో ఊచలు పైనున్నాయో, ఏ ఇంట్లో అడుక్కి పోయాయో బయటికి తెలిసే దారి లేదు. 30 కిలోలకు అటూ ఇటూ ఉండే ఔట్‌డోర్‌ను, దాన్ని మోసుకొచ్చిన ఇద్దరినీ ఒకేసారి ఎక్కించి చూడటమే ఇప్పుడు నడుస్తున్న పరీక్ష.

తాడు ఉండదా అంటే, ఉంటుంది. బలమైన నైలాన్ తాడు. ఒక కొస ఔట్‌డోర్‌కి గట్టిగా కట్టి ఉంటుంది, రెండో కొస డాబా మీదున్న హెల్పర్ చేతిలో ఉంటుంది. నలభై వేల సామాను కదండీ! కుర్రాడి నడుముకు మాత్రం స్పానర్ల సంచీ వేలాడుతుంది. ఒంటికి కట్టుకునే హార్నెస్‌కి మన దేశంలో ఐఎస్ 3521 అని ప్రమాణమే ఉంది. తీరా తెచ్చుకున్నా కొక్కెం దేనికి తగిలిస్తాడు? కిటికీ గ్రిల్లుకి, అదీ తుప్పు పట్టకపోతే.

అంబాజీపేట వైపు వెళ్తే కొబ్బరి దింపు కార్మికుడు కాళ్లకు బంధం లేకుండా చెట్టు ముట్టుకోడు. అలాంటివాళ్లకి కొబ్బరి అభివృద్ధి బోర్డు కేర సురక్ష అని బీమా పెట్టింది. తెలంగాణలో 2024 జులైలో గీత కార్మికులకు కాటమయ్య రక్ష కవచం పేరుతో తాళ్లూ పట్టీలూ ఉన్న కిట్లు ఇవ్వడం మొదలుపెట్టారు. గెల కోసం, కల్లు కోసం ఎక్కేవాడికి ఇంత ఆలోచన జరిగింది. మన పడగ్గది చల్లబడటానికి ఎక్కేవాడికి ఇంటివాళ్లు చెప్పే జాగ్రత్త ఒక్కటే: “గోడకి మరకలు పడనీకు బాబూ.”

ఎత్తొక్కటే అయితే కొంత నయం. కరెంటు ఆపేసినా ఔట్‌డోర్ లోపలి కెపాసిటర్ కాసేపు షాక్ దాచుకునే ఉంటుంది. నేల మీదైతే ఉలిక్కిపడి వదిలేస్తాం. సన్‌సైడ్ మీద ఉలిక్కిపడటానికి చోటేదీ? పైగా మెయిన్ ఆపకుండా పని మొదలుపెడితే, రిమోట్ ఇంట్లో మనవడి చేతిలో ఉంటుంది. 11 కేవీ తీగకీ భవనానికీ మధ్య పక్కకి కనీసం 1.2 మీటర్ల ఎడం ఉండాలని నిబంధన. ఇల్లు ఆ ఎడం పాటించినా, దానికి తగిలించిన ఔట్‌డోరూ, దాని వెనక చేరిన మనిషీ ఆ ఎడంలోకే జరుగుతారు. ఇక లీకు పట్టుకోవడానికి నైట్రోజన్ నింపాలి. అది దొరకలేదని ఆక్సిజన్ ఎక్కిస్తే, కంప్రెసర్‌లోని ఆయిల్‌తో కలిసి పేలొచ్చు. కొత్త ఏసీల్లోని ఆర్-32 గ్యాస్‌కి కొద్దోగొప్పో అంటుకునే గుణం ఉంది. అది ఇరుకు సందులో చేరి ఉండగా బ్రేజింగ్ మంట వెలిగించడం కూడని పని.

అందరికంటే ఓపికగా పనిచేసేది తుప్పు. కాకినాడ, అంతర్వేది వైపు ఉప్పుగాలికి మామూలు ఇనుప స్టాండు ఎన్నాళ్లు నిలుస్తుందో పడవలవాళ్లనడిగితే చెబుతారు. స్టాండు ఊడితే ప్రమాదం మెకానిక్‌తో ఆగదు. 2024 ఆగస్టులో ఢిల్లీ కరోల్ బాగ్‌లో స్కూటర్ మీద కూర్చుని స్నేహితుడితో మాట్లాడుతున్న 18 ఏళ్ల కుర్రాడి మీద పైనుంచి ఏసీ ఊడిపడింది. అతను బతకలేదు. ఆ వీడియో చూసిన వారం మన అపార్టుమెంట్లలో అందరూ తలెత్తి నడిచారు. స్టాండు బోల్టులు బిగించినవాళ్లు మాత్రం అరుదు.

సింగపూర్‌లో 2004లోనే దీనికి ప్రత్యేకంగా నిబంధనలు తెచ్చారు. స్టాండు స్టెయిన్‌లెస్ స్టీలుదే అయి ఉండాలి, బిగించేవాడు శిక్షణ పొంది ఉండాలి. కోనసీమనుంచి అక్కడికెళ్లిన సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లు ఆ రూలు కిక్కురుమనకుండా పాటిస్తారు. సంక్రాంతికి ఊరొచ్చి నాన్నగారికి ఏసీ కొనిపెట్టి, “వెనకాల సన్‌సైడ్ ఉందిగా, దాని మీద తోసేయండి” అంటారు.

పాపం బిల్డర్లు కొంత మారారు. కొత్త అపార్టుమెంట్లలో ఔట్‌డోర్ కోసమని బాల్కనీ పక్కనే చిన్న అరుగు కట్టిస్తున్నారు, మనిషి నిలబడి పని చేసుకునేలా. గృహప్రవేశమైన మర్నాడే ఓనరు దొంగల భయంతో దానికి అడ్డంగా నిలువెత్తు గ్రిల్లు బిగిస్తాడు. గ్రిల్లుకి తలుపుండదు. ఉంటే దొంగలు తీస్తారుగా. అంచేత ఔట్‌డోర్ దగ్గరికి చేరాలంటే మెకానిక్ పక్క ఫ్లాటు బాల్కనీలోంచి పిట్టగోడ దాటాలి. పక్క ఫ్లాటువాళ్లు తాళం వేసుకుని అమలాపురం పెళ్లికెళ్లారు.