మద్దెల బాగానే ఉంది

మా అమ్మాయి నంబరు 47. నిద్రలో లేపి అడిగినా చెప్పగలను.

మేముండేది టెక్సస్‌లో, ఫ్రిస్కోలో. హైస్కూల్లో చేరబోయే పిల్ల చీర్‌లీడింగ్ ట్రైఔట్స్‌కి వెళ్తే టీషర్టుకి పిన్నుతో గుచ్చిన నంబరది. అక్కడ పేర్లతో పనిలేదు. బయటినుంచి వచ్చిన జడ్జీలు నంబరు చూసి మార్కులేస్తారు, రాత్రికి నెగ్గిన నంబర్లు ఆన్‌లైన్లో పెడతారు. అచ్చం ఎంసెట్ ఫలితాల్లాగే. అందుకే కాబోలు, పరీక్ష పిల్లదైతే రెండ్రోజుల ముందునుంచీ కడుపులో తిప్పింది నాకు.

ఎనిమిదింటికి జాబితా వచ్చింది. 45 ఉంది. 46 ఉంది. ఆ తర్వాత 48. ఫోన్లో చూశాను, లాప్‌టాప్‌లో చూశాను, కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాను. 47 ఎక్కడా మొలవలేదు.

“అచ్చుతప్పేమో” అన్నాను.

“అచ్చే లేనిదానికి అచ్చుతప్పేమిటండీ” అంది మా ఆవిడ కళ్లొత్తుకుంటూ.

పిల్ల గదిలోకెళ్లి తలుపేసుకుంది. సరిగ్గా నలభై నిమిషాలు ఏడ్చింది. ఇంత కచ్చితంగా ఎలా చెప్తున్నానంటే ఆ నలభై నిమిషాలూ తలుపు బయట నేలమీద కూచున్నది నేనే. తర్వాత బయటికొచ్చి, “పెరుగన్నం ఉందా?” అంది. తింది, పడుకుంది. దాని బాధ అంతటితో సరి. మాది అప్పుడే మొదలైంది.

ఆడలేక మద్దెల ఓడు అన్నారని సామెత. ఆడినవాళ్లు ఆ మాట అనగా నేనెప్పుడూ వినలేదు. అనేది వాళ్ల నాన్నలు. ఆ రాత్రి దొరికిన ప్రతి మద్దెలనీ చితక్కొట్టాను. జిమ్ములో పరిచిన చాప జారుతోంది. స్పీకరు బొంగురు. సరిగ్గా 47 గెంతే సమయానికే ఒక జడ్జీ మంచినీళ్లు తాగింది. ఇవేవీ నేను చూడలేదు. తల్లిదండ్రుల్ని లోపలికి రానివ్వరు. అన్నీ కారులో కూచుని ఊహించినవే.

ఇంటర్ మార్కులకి ఫీజు కట్టి రీకౌంటింగ్ పెట్టించుకున్న రక్తం కదా, ఊరుకుంటుందా? కోచ్‌కి ఈమెయిల్ రాయడానికి కూచున్నాను. నాలుగు పేరాలు నేను రాశాను. అయిదోది మా ఆవిడ చెప్పింది: “ఆరేళ్లు కూచిపూడి నేర్చుకుంది, ఇత్తడి పళ్లెం అంచుమీద నిలబడి తరంగం ఆడిన పిల్లకి చాపమీద గెంతడం రాదా, అని రాయండి.”

మధ్యలో తెనాలి నుంచి అమ్మ ఫోను. ఏడుపు గొంతు విని కంగారుపడింది.

“ఏరా, ఉద్యోగం పోయిందా?”

“ఉద్యోగం కాదమ్మా. ఫుట్‌బాల్ ఆడేవాళ్లకి హుషారు రావాలని పక్కన గంతులేస్తూ అరిచే జట్టుంటుంది. అందులోకి తీసుకోలేదు.”

“ఆడేది వాళ్లూ, అరిచేది వీళ్లూనా? దానికి పరీక్షోటా?” అని కాసేపు ఆగింది. “నిన్ను మూడు సంబంధాలవాళ్లు వద్దన్నారు. నేను ఎవరికైనా ఉత్తరం రాశానట్రా?”

ఫోను స్పీకర్లో ఉంది. “మూడా? నాకు ఒక్కటే అని చెప్పారే!” అంది మా ఆవిడ. ఆ రాత్రి తెగని తగాదాలు రెండయ్యాయి.

నిద్ర పట్టక ఈ చీర్‌లీడింగ్ పుట్టుపూర్వోత్తరాలు తవ్వాను. 1898లో మిన్నెసోటా యూనివర్సిటీలో జానీ క్యాంప్‌బెల్ అనే కుర్రాడు మైదానంలోకి దిగి జనం చేత అరిపించడంతో మొదలైందట. పాతికేళ్లపాటు అక్కడ మగవాళ్లదే రాజ్యం, ఆడపిల్లల్ని చేర్చుకున్నది 1923లో. మన కూచిపూడిలో సత్యభామ వేషం కూడా మగవాళ్లే కట్టేవాళ్లు కదా అనుకుంటూ ఇంకాస్త కిందకి వెళ్లాను. అక్కడ దొరికింది నిధి.

హెర్కీ అని ఒక గంతు ఉంది. ఒక కాలు బారుగా చాచి, రెండోది వెనక్కి మడిచి ఎగరాలి. మా పక్కనున్న డాలస్‌లోనే, సదరన్ మెథడిస్ట్ యూనివర్సిటీలో చదివిన లారెన్స్ హెర్కిమర్ పేరుమీద వచ్చింది. ఆయన వేద్దామనుకున్న గంతు వేరట. అది కుదరక ఇలా పడ్డాడట. ఆ కుదరనిదానికే పేరుపెట్టి దేశమంతా నేర్పుతున్నారు. అంటే, ఒకాయనకి సరిగ్గా రాని గంతుని సరిగ్గా వెయ్యలేదని మా పిల్లకి మార్కులు కోశారన్నమాట! అర్ధరాత్రి రెండింటికి ఆరో పేరా సిద్ధమైంది.

పొద్దున్నే మా అమ్మాయి కాఫీకప్పు పక్కనున్న లాప్‌టాప్‌లో ఆరు పేరాలూ చదివింది.

“నాన్నా, హెర్కీ బాగానే వేశాను. బ్యాక్ హ్యాండ్‌స్ప్రింగ్ రాలేదు. మోచేతులు వంగిపోయాయి. చాప బాగానే ఉంది.”

“స్పీకరు?”

“అదీ బాగానే ఉంది.” డిలీట్ నొక్కేసింది.

తర్వాత తెలిసింది, ఆ 46 రోజూ మా ఇంటికొచ్చి మురుకులు తినే పిల్లే. తలుపేసుకున్న ఆ నలభై నిమిషాల్లోనే మా అమ్మాయి దానికి అభినందనలు పంపింది, మూడు గుండెబొమ్మలతో సహా. నాకైతే మొదటి గుండెబొమ్మ పెట్టడానికే ఆర్నెల్లు పట్టేది.

మరో మూడు వారాలకి మా తెలుగువాళ్ల ఉగాది సంబరాలు. నాన్నలందరూ కలిసి ‘నాటు నాటు’ ఆడాలన్నారు. ఆస్కార్ కొట్టిన పాట కదా, సై అన్నాను. రెండో రిహార్సల్ అవగానే, “అన్నా, మీరు పులిహోర కౌంటర్ చూసుకుంటే బావుంటుంది” అన్నాడు నేర్పించే కుర్రాడు, చాలా మర్యాదగా.

ఇంటికొచ్చి సోఫాలో కూలబడ్డాను. “అసలా హాల్లో స్పీకరు...” అని మొదలుపెట్టి తలెత్తేసరికి మా అమ్మాయి నావైపే చూస్తోంది.

“...బాగానే ఉంది” అన్నాను.

అది వంటింట్లోకెళ్తూ గోడ గడియారం చూసింది.

“నలభై నిమిషాలు, నాన్నా. ఈలోగా పెరుగన్నం కలుపుతాను.”