చేవ ఎర్రబడిన చెట్టు

ఈ ఎర్రచందనం దుంగ తన కథ చెప్పుకోవాలంటే ‘నేను’ అనలేదు. అలా అనదగ్గ చెట్టు శేషాచలం కొండల్లో మొద్దుగా మిగిలిపోయింది. పట్టుబడ్డ సరుకు మధ్య, ఒంటి మీద నంబరుతో గోదాములో పడి ఉన్నది దాని నడుము ముక్క మాత్రమే. అందుకే తన సంగతి కూడా పరాయివాళ్ల సంగతిలా చెబుతుంది.

చెట్టుగా ఉన్నప్పుడు దానికి సొంత ఊరు ఉండేది. లోకం మొత్తంలో ఎర్రచందనం తనంతట తాను పెరిగేది తూర్పు కనుమల దక్షిణ కొసలోనే: శేషాచలం, పాలకొండలు, లంకమల, వెలిగొండలు, ఆ చుట్టుపక్కల కాస్త. వాన తక్కువ, రాయి ఎక్కువ. అక్కడ వేరు దిగడమే గొప్ప. మొసలి వీపులా పగిలిన నల్లటి బెరడు, ఎండాకాలంలో పసుప్పచ్చని పూలు, వాటి చుట్టూ తేనెటీగలు, ఆ తర్వాత గాలికి ఎగిరే గుండ్రటి రెక్కకాయలు. లోపల చేవ ఎర్రబడటానికి దశాబ్దాలు పట్టింది. నీళ్లలో వేస్తే మునిగేంత బరువైన చేవ.

కొమ్మల్లో తిరిగినవాళ్లను అది మర్చిపోలేదు. అందరిలోకీ ఇష్టం దేవాంగపిల్లి. పిడికెడు ఒళ్లు, పెద్ద పెద్ద కళ్లు, రాత్రంతా పురుగుల వేట. దానికి దూకడం చేతకాదు. ముందు కొమ్మ చేతికి అందితే గానీ వెనక కొమ్మ వదలదు. చెట్టూ చెట్టూ కలిసిన చోటే దాని దారి. మధ్యలో ఒక చెట్టు పోతే నేల మీదకు దిగి నడవాలి. నేల మీద నక్కలున్నాయి, కుక్కలున్నాయి. కాస్త కింద, తడి బండల చాటున బంగారు బల్లి. 1870లో ప్రకృతి శాస్త్రవేత్త బెడ్డోమ్ దాన్ని లోకానికి పరిచయం చేసింది ఈ తిరుపతి కొండల నుంచే.

ఎర్రచందనం 1995 నుంచి, అరుదైన జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే సైటిస్ ఒప్పందం రెండో అనుబంధంలో ఉంది. శేషాచలాన్ని 2010లో బయోస్ఫియర్ రిజర్వుగా ప్రకటించారు. ఇన్ని రక్షణల నడుమే ఒక రాత్రి గొడ్డలి పడింది.

చైనాలో ఖరీదైన కుర్చీలకు, జపాన్‌లో షమిసెన్ వాద్యం మెడకు ఈ కలప కావాలి. ఆ గిరాకీ కోసం కొండెక్కేది మాత్రం పూట గడవని కూలీలు. చెట్టు కూలగానే పైనున్న తెల్ల చెక్కను చెక్కి పారేశారు, ఎర్ర చేవను భుజానికెత్తుకున్నారు. తెగిన చోట ఎర్రటి రసం కారింది. ఈ దారిలో మనుషులూ పోయారు: 2013 డిసెంబరులో స్మగ్లర్ల దాడిలో ఇద్దరు అటవీ అధికారులు, 2015 ఏప్రిల్ 7న పోలీసు కాల్పుల్లో తమిళనాడు నుంచి వచ్చిన 20 మంది. తన ఖరీదెంతని అడిగేవాళ్లకు దుంగ ఈ లెక్క కూడా చెబుతుంది.

పట్టుబడ్డాక? లారీలోంచి దించి, కొలిచి, తూచి, పేర్చారు. కేసు తేలేదాకా అది సాక్ష్యం. పైనున్న దుంగల బరువు కింద కదలదు. వానకు కొస నానుతుంది, ఎండకు పగులుతుంది. ఎప్పుడో వేలం. పట్టుకున్నవాళ్ల ఫొటో పేపర్లో పడింది, టన్నులు లెక్కకెక్కాయి. దాని బాధంతా అక్కడే. దొంగ దొరికినా దొరక్కపోయినా దేవాంగపిల్లికి తేడా లేదు. దాని దారి చెట్టు కూలిన రాత్రే తెగింది. గోదాములో దుంగల కుప్ప పెరిగిందంటే కొండ మీద అంత నీడ పోయినట్టే. కూలిన చెట్టును పట్టుకోవడం వేరు, నిలబడ్డ చెట్టును కాయడం వేరు.

ఇప్పుడు దాని ఆశంతా ఆ మొద్దు మీదే. ఎర్రచందనం నరికిన చోట మళ్లీ పిలకలు వేస్తుంది. ఎండిన గడ్డి అంటుకుంటే ముందు మాడేవి అవే, మేకలు ముందు కొరికేవీ అవే. గడ్డి చెక్కి నిప్పు దాటకుండా బాట తీసే వాచర్లు, మేకల్ని మళ్లించే కొండకింది ఊళ్లవాళ్లు కొన్ని వేసవులు వాటిని కాస్తే, కొమ్మ మళ్లీ పక్క చెట్టు కొమ్మను అందుకుంటుంది. చేవ కట్టడానికి ఇంకా చాలా ఏళ్లు కావాలి. దేవాంగపిల్లికి చేవతో పనిలేదు, కొమ్మ చాలు.