దయ్యాల తిరనాళ్ళకి మా బావ

మా మేనత్త కొడుకూ మా అక్క మొగుడూ ఒకడే. అంచేత ఆయన నాకు రెండు వైపుల నుంచీ బావ. భరించడం కూడా రెండింతలు. పాతికేళ్ళుగా డాలస్ పక్కన ఇర్వింగ్‌లో కాపురం. శనివారం ఇండియన్ స్టోర్లో వంకాయల్ని ఒక్కొక్కటీ వెలుగులో తిప్పి చూసి ఏరతాడు. చెత్త డబ్బా వారం తప్పకుండా బయట పెడతాడు. గుళ్ళో గోత్రం అడిగితే తడుముకోకుండా చెబుతాడు. పిల్లనివ్వదగ్గ మనిషే. ఇచ్చాం కూడా. ఏడాదిలో మూడు రోజులు మాత్రం ఆయన మనవాడు కాదు.

ఆ మూడు రోజులూ టెక్సస్ ఫ్రైట్‌మేర్ వీకెండ్. దయ్యాల సినిమాలంటే, నరుకుడు సినిమాలంటే ప్రాణం పెట్టేవాళ్ళు వేలమంది ఒకచోట చేరతారు. ఆ సినిమాలు తీసినవాళ్ళనీ, వాటిలో నరికినవాళ్ళనీ, నరికించుకున్నవాళ్ళనీ కళ్ళారా చూసి, సంతకాలు పెట్టించుకుని, ఫొటోలు దిగి, జేబులు దులుపుకుని ఇళ్ళకి పోతారు. 2006లో మొదలైంది. మొదటి ఏడాది నుంచీ వెళుతున్నానని బావ అంటాడు, కాదు రెండో ఏడాది నుంచని అక్క అంటుంది. మొదటి ఏడాది ఆఫీసు పనని చెప్పి వెళ్ళాడట. ఆ తగువు ఇంకా తేలలేదు.

తయారీ నెల ముందు మొదలవుతుంది. ఎవరెవరు వస్తున్నారో చూసి, ఎవరి చేత ఏ పోస్టరు మీద ఎక్కడ సంతకం పెట్టించాలో నిర్ణయిస్తాడు. నల్ల పోస్టరు మీద వెండిరంగు పెన్ను, తెల్ల ఫొటో మీద నీలం. సిరా ఆరకముందే చుట్టిన వాడితో ఆయనకి మాటల్లేవు. డబ్బు నగదుగానే పట్టుకెళతాడు, మనిషికో కవరు చొప్పున. ఆ కవర్లెక్కడివి? గుంటూరులో నా చేత కొనిపించి తెప్పించుకున్న పెళ్ళి చదివింపుల కవర్లు, పైన రూపాయి బిళ్ళ అంటించి ఉండేవి. కవరు మీద ‘శుభాకాంక్షలతో’ అని అచ్చు, దాని కింద బావ చేతిరాతలో ఏ రక్తపిశాచం పాత్రధారి పేరో. ఒకాయనకి తొందరలో రూపాయి బిళ్ళతో సహా చదివించేసి వచ్చాడు.

హాల్లో గోడ నిండా ఫొటోలు. ఒక నరుకుడు సినిమాల వరసలో హంతకుడైన జేసన్‌గా నాలుగు సినిమాల్లో వేసిన కేన్ హాడర్‌కి అభిమానుల గొంతు పట్టుకుని ఫొటో దిగడం అలవాటు. అలా బావ గొంతు పట్టుకున్న ఫొటో టీవీ పక్కనే ఉంటుంది. అందులో బావ మొహంలో పెళ్ళిఫొటోలో కూడా లేని ఆనందం. కొత్తవాళ్ళెవరైనా అదేమిటని అడిగితే అక్క వంటింట్లోంచే సమాధానం చెబుతుంది: “ఆయనెవరో పుణ్యాత్ముడండీ. నేను అనుకోవడమే కానీ చెయ్యలేకపోయింది చేసి చూపించాడు.”

సినిమా పిచ్చి మనకి కొత్తేమీ కాదు. ఇదే మనిషి తెనాలిలో ఉండిపోయుంటే కటౌటుకి పాలాభిషేకం చేసేవాడు, మనం పట్టించుకునేవాళ్ళం కాదు. బావతో వచ్చిన చిక్కల్లా ఇతరుల్ని దిద్దడం. సత్యనారాయణ వ్రతం నాడు ఒక కుర్రాడు నోరు జారి, జేసన్ మొదటి సినిమా నుంచీ హాకీ మాస్కులోనే చంపుతాడు కదా అన్నాడు. బావ పీటల మీద నుంచే వెనక్కి తిరిగాడు. “1980లో వచ్చిన మొదటిదాంట్లో చంపేది జేసన్ కాదు నాన్నా, వాళ్ళమ్మ. రెండోదాంట్లో తలకి సంచీ. హాకీ మాస్కు 1982లో, మూడోదాంట్లో వచ్చింది.” కథ చదువుతున్న పంతులుగారు పుస్తకం మీద వేలు అలాగే ఉంచి, “తల్లే?” అన్నారు. అంతే, షావుకారు ఓడ ఆ సముద్రంలో అలాగే ఆగిపోయింది. శ్రోత దొరికితే బావ వదలడు.

ఒక్క విషయం చెప్పేటప్పుడు మాత్రం ఆయన గొంతు తగ్గుతుంది. జార్జ్ రొమేరో 1968లో తీసిన ‘నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్’ సంగతి. విడుదలకి ముందు సినిమా పేరు మార్చారు. కొత్త పేరు వేసిన చోట కాపీరైటు ముక్క వేయడం మర్చిపోయారు. ఆ రోజుల్లో అక్కడి చట్టం ప్రకారం ఆ ముక్క లేకపోతే హక్కు లేనట్టే. శవాలు లేచి నడిచి వచ్చే సినిమాలన్నిటికీ దారి వేసిన సినిమాని ఎవడు పడితే వాడు వేసుకుని, క్యాసెట్లు చేసి అమ్ముకున్నాడు. ఈ కథని బావ తాతల నాటి మూడెకరాలు పట్టా లేక పోయినట్టు చెబుతాడు. వినేవాడు కూడా తెలియకుండానే “అయ్యో, రిజిస్ట్రేషన్ చేయించుకోవాల్సింది” అంటాడు.

ఇంట్లో అన్నిటికన్నా విలువైంది సంతకం ఉన్న హాకీ మాస్కు ఒకటి. ఉండేది అనాలి. మా అమ్మ ఆర్నెల్లు ఉండటానికి వెళ్ళినప్పుడు వాళ్ళ కొత్త ఇల్లు కడుతున్నారు. కడుతున్న ఇంటికి దిష్టిబొమ్మ లేకపోవడం చూసి అమ్మకి నిద్రపట్టలేదు. ఇంట్లో వెతికితే ఆవిడకి ఈ మాస్కు కనిపించింది. ‘అల్లుడు తెచ్చి ఉంచాడు, కట్టడానికి తీరిక లేదు పాపం’ అనుకుని, కింద ఒక నిమ్మకాయా ఏడు పచ్చిమిరపకాయలూ గుచ్చి, పక్కింటి మెక్సికన్ కుర్రాణ్ణి సైగలతో పిలిచి, ముందు చూరుకి కట్టించింది. ఆ రాత్రి డాలస్‌లో వడగళ్ళ వాన. పొద్దున్న బావ చూసేసరికి సంతకంలో మొదటి అక్షరం, చివర గీత మాత్రమే మిగిలాయి. అత్తగారిని ఏమీ అనలేడు, పైగా మేనమామ భార్య. కారులో కూచుని అద్దాలు ఎత్తుకుని కాసేపు ఒక్కడే ఉండి వచ్చాడట. ఇల్లు మాత్రం ఏ దిష్టీ తగలకుండా లేచింది. అమ్మ ఇప్పటికీ ఆ ఘనత తనదే అంటుంది.

దానికి ప్రతీకారమో ఏమో, అమ్మానాన్నల్ని “మంచి హోటల్లో భోజనం” అని మూడున్నర గంటలు కారులో కింగ్స్‌లాండ్ తీసుకెళ్ళాడు. ‘టెక్సస్ చైన్‌సా మాసకర్’లో నరమాంసం తినే కుటుంబం ఉండే ఇల్లు అది. సినిమా 1974లో వచ్చింది, తీసింది రౌండ్ రాక్ దగ్గర. తర్వాత ఆ ఇంటిని విప్పి తెచ్చి ఇక్కడ నిలబెట్టి, భోజనశాల చేశారు. టెక్సస్ ఎండలో షూటింగు. అందులో హంతకుడు లెదర్‌ఫేస్‌గా వేసిన గన్నర్ హాన్సెన్‌కి ఉన్నది ఒకటే జత బట్టలు. ఉతికితే రంగు మారుతుందని వారాల తరబడి ఉతకనివ్వలేదట. భోజనాల వేళ ఆయన పక్కన ఎవరూ కూచునేవారు కాదట. ఇదంతా అమ్మకి ఎప్పుడు చెప్పాడు? చెయ్యి కడుక్కున్న తర్వాత. అమ్మ ఏమీ అనలేదు. తిరుగు దారంతా కళ్ళు మూసుకుని విష్ణు సహస్రనామం చదువుకుంది, మూడున్నర గంటలూ.

నేనూ ఒకసారి ఆ తిరనాళ్ళకి వెళ్ళాను. వెళ్ళింది ఎగతాళి చేయడానికే. ఇప్పుడు దాచి లాభం లేదు.

ఆ ఏడు ఎయిర్‌పోర్టు ఆవరణలోని హోటల్లో జరిగింది. విమానాలు తప్పిపోయి రాత్రికి గది తీసుకున్న మామూలు మనుషులు కూడా అక్కడే. లిఫ్టులో నాతోపాటు ఒక పైలటూ, గొంతు తెగి రక్తం కారుతున్న ఒక సన్యాసినీ ఎక్కారు. పైలట్ తన బూట్ల వైపు చూస్తూ నిలబడ్డాడు. సన్యాసిని నన్ను ఏ అంతస్తో అడిగి, బటన్ నొక్కి, నా సంచీ జారితే వంగి తీసిచ్చింది. అక్కడ అందరూ అంతే. కడుపులోంచి పేగులు వేలాడుతున్నవాడు కూడా “ఎక్స్‌క్యూజ్ మీ” అనకుండా పక్కనుంచి పోడు.

క్యూ రెండున్నర గంటలు. ఇక్కడ బావ గురించి ఒక పాత సంగతి చెప్పాలి. తిరుమలలో బ్రేక్ దర్శనం ఉత్తరం కోసం ఎవరో పెద్దమనిషి పీఏగారి బావమరిదిని వారం రోజులు కాఫీలు తాగించిన మనిషి ఈయన. రైలు టికెట్టుకి వరసలో నుంచోడం ఆయన జాతకంలోనే లేదు. అలాంటివాడు ఇక్కడ తాళ్ళ మధ్య కదలక మెదలక నిలబడ్డాడు. వెనకాల మోకాళ్ళ నొప్పులున్న ఒక పెద్దాయనకి తన మడత స్టూలు ఇచ్చాడు. ముందాయన బాత్రూముకి వెళితే, వచ్చేదాకా స్థలం కాపాడాడు. “బావా, ఈ ఓపికలో పావు వంతు మా చెల్లెలి పెళ్ళిలో చూపించి ఉంటే...” అన్నాను. “అది వేరు, ఇది వేరు,” అన్నాడు. నేను ఆ మాట మీద చాలాసేపు ఆలోచించాను కానీ తేడా అంతుపట్టలేదు.

వెనక నుంచి ఎవరో ఫోనులో, “పాలు తోడు పెట్టావా?” అన్నారు. తిరిగి చూస్తే సగం మొహం కరిగి ఎముక బయటపడ్డ మనిషి. బావ కళ్ళు వెలిగాయి. “మనవాళ్ళేనా?”

“నరసరావుపేటండీ.”

రెండు నిమిషాలు సినిమాలు. తర్వాత ఏ కాలేజీ, ఏ కంపెనీ, పిల్లలేం చదువుతున్నారు, ఫ్రిస్కోలో ఇల్లు ఎప్పుడు కొన్నారు, ఎంత వడ్డీకి. ఆ కరిగిన సగం మొహం అప్పటిదాకా కదల్లేదు గానీ వడ్డీ దగ్గరకొచ్చేసరికి బాధగా వణికింది.

చివరికి మా వంతు వచ్చింది. ఆయన పేరు చెప్పను. ఎనభైల్లో ముసుగు వెనక ఉండి చాలామందిని చంపినాయన. మొహం తెర మీద ఒక్కసారి కూడా కనిపించదు. అలాంటి మొహాన్ని చూడటానికి అరవై డాలర్లు. ముసలాయన, చేతికి బీపీ చూసే గడియారం, పక్కన మందుల డబ్బా. బావ ఈ ఘడియ కోసం నెల రోజులుగా అద్దం ముందు ఒక ఉపన్యాసం సాధన చేశాడు: తెనాలిలో అద్దె వీడియో, కరెంటు పోయిన రాత్రి, ఆ సినిమా తన జీవితాన్ని ఎలా మార్చిందీ. బల్ల ముందుకి వెళ్ళాడు. గొంతు పెగల్లేదు. ఎర్రబడ్డాడు. చివరికి నోట్లోంచి వచ్చింది ఇది: “సర్, హ్యాడ్ యువర్ లంచ్?”

పొద్దుటి నుంచీ ఏమీ తినలేదన్నాడాయన. బావ వెంటనే సంచీలోంచి అక్క కట్టిచ్చిన చెగోడీల పొట్లం తీసి బల్ల మీద పెట్టాడు. అంతమందిని చంపిన ఆ చేత్తో ఆయన ఒక చెగోడీ తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి కొరికాడు. ఆ చప్పుడు మొత్తం వరసకి వినిపించింది. ఇంకోటి తీసుకున్నాడు. తర్వాత పోస్టరు అందుకుని పేరేమిటని అడిగాడు. బావ పేరుకి ఇంగ్లీషులో పదహారక్షరాలు. తొమ్మిదో అక్షరం దాకా ఓపిగ్గా విన్నాడు. ఆ తర్వాత ‘నా మిత్రుడికి’ అని రాసి సంతకం పెట్టాడు. బావ ఇప్పుడు దాన్ని చూపించి, చూశావా, నన్ను మిత్రుడన్నాడు అంటాడు. నేను దిద్దను. దిద్దడం ఆయన శాఖ.

అప్పుడు ఆ ముసలాయన నా వైపు తిరిగి, నీకిష్టమైన సినిమా ఏదన్నాడు. నాకు వాళ్ళవి ఒక్కటీ తెలీదు. నోటికొచ్చింది అనేశాను: ‘జగన్మోహిని’.

ఎందుకొచ్చిందో నాకు తెలుసు. నాకు ఎనిమిదేళ్ళప్పుడు మా ఊరి టూరింగు టాకీసుకి ఆ సినిమా వచ్చింది. నేల టికెట్టు, రెండో ఆట. తీసుకెళ్ళింది పద్నాలుగేళ్ళ బావే. తిరిగొచ్చేటప్పుడు కాలవ గట్టు మీద, సరిగ్గా తుమ్మచెట్టు దగ్గర, పక్కన నడుస్తున్నవాడు మాయమయ్యాడు. తర్వాత చెట్టు వెనక నుంచి ఒక ఆడగొంతు నన్ను పేరు పెట్టి పిలిచింది. మూడు రోజులు జ్వరం. మెడలో తాయెత్తు పదో తరగతి దాకా ఉంది. నలభై ఏళ్ళు దాటినా ఆ బాకీ తీరలేదు. ఈ రాత ఉద్దేశం దాన్ని తీర్చుకోవడమే.

సరే, నాకొచ్చిన ఇంగ్లీషులో చెప్పాను. దయ్యం ఇంటికి కోడలై వస్తుంది. వంటింట్లో కట్టెలు ఉండవు. పొయ్యిలోకి కట్టెకి బదులు తన కాలు పెడుతుంది. అది మండుతుంది. వంట అవుతుంది.

ఆయన పెన్ను కింద పెట్టాడు. “కాలు?” అన్నాడు. “కాలు,” అన్నాను. “ఏ సంవత్సరం?” నాకు తెలీదు. “1978,” అన్నాడు బావ పక్క నుంచి. ఆయన ఒక ఫొటో తిరగేసి దాని వెనక సినిమా పేరు రాసుకున్నాడు, దర్శకుడి పేరు అడిగాడు. విఠలాచార్య అని మేమిద్దరం ఒకేసారి చెప్పాం, అక్షరం అక్షరం, వంతులు వేసుకుని. ఈసారి చివరి అక్షరం దాకా విన్నాడు. వరస చూసుకునే అమ్మాయి ముందుకి కదలమని మూడోసారి చెప్పింది. నేను కదల్లేదు. జేబులో డబ్బుల్లేవు. వెనక్కి చెయ్యి చాపాను. బావ ఒక్క మాట మాట్లాడకుండా ఒక చదివింపుల కవరు నా చేతిలో పెట్టాడు.

ఆ కవరు ఇచ్చి తీసుకున్న ఆయన సంతకం ఫొటో ఇప్పుడు గుంటూరులో మా హాల్లో ఉంది. ఎవరండీ ఈ దొర అని అడిగినవాళ్ళకి కాఫీ ఇచ్చి కూచోబెట్టి మొత్తం చెబుతున్నానని మా ఆవిడ ఫిర్యాదు. మొన్నొకాయన జేసన్ గురించి ఏదో తప్పు చెబితే 1982 అని దిద్దాను కూడా. బావకి అరవై డాలర్లు ఇంకా పంపలేదు; కాలవ గట్టు కింద జమ కట్టుకోమన్నాను.

విఠలాచార్య 1999లో పోయారు. ఆయన బతికుండగా నేను ఎన్నిసార్లు మద్రాసు వెళ్ళానో లెక్కలేదు, ఒక్కసారైనా చూసి రావాలని తోచలేదు. మీ ఇళ్ళల్లో ఏ పాత పెట్టెలోనైనా, ఏ పాటల పుస్తకం మీదైనా ఆయన సంతకం ఉంటే దయచేసి నాకు కబురు చెయ్యండి. మా బావకి మాత్రం చెప్పకండి.