రెండు కిలోహెర్ట్జుల దూరంలో హైదరాబాద్

నా వెడల్పు 18 సెంటీమీటర్లు, ఎత్తు 5 సెంటీమీటర్లు. ఎన్నో దేశాల కార్లలో స్టీరియో కోసం విడిచిన గూటి కొలత ఏళ్ల తరబడి ఇదే. అందుకే డల్లాస్‌లో దుకాణం అరలో కూర్చున్న నేను రాంనగర్‌లో ఒక మారుతి 800 డ్యాష్‌బోర్డులో ఇట్టే ఇమిడిపోయాను. ఒంటి కొలత ఎక్కడైనా ఒకటే. స్టేషన్లు వెతుక్కునే లెక్క మాత్రం అలా కాదు. మొదట్లో నేను పడిన అవస్థంతా ఆ తేడా దగ్గర పుట్టిందే.

నన్ను తెచ్చింది పెద్దాయన కొడుకు. సెలవులకు వస్తూ సూట్‌కేసులో చాక్లెట్ల సంచులకూ బాదంపప్పు ప్యాకెట్లకూ మధ్య నన్ను సర్దాడు. "నాన్నా, ఆ పాత టేపు తీయించేసి ఇది పెట్టించుకోండి. పెన్‌డ్రైవ్ కూడా పెట్టుకోవచ్చు" అన్నాడు. పెద్దాయన ఆర్టీసీలో అకౌంట్స్ చూసి రిటైరైన మనిషి. రాంనగర్ గుండు దగ్గరి సందులో సొంతిల్లు. పెన్‌డ్రైవ్ మాట ఆయన చెవికెక్కలేదు. నన్ను చేతిలోకి తీసుకుని ఒకటే అడిగారు: "ఇందులో 738 వస్తుందిరా?"

738 అంటే ఆకాశవాణి హైదరాబాద్ 'ఎ' కేంద్రం. మీడియం వేవ్‌లో 738 కిలోహెర్ట్జులు. నిజాం ప్రభుత్వం కింద దక్కన్ రేడియోగా నడిచి, 1950 ఏప్రిల్ 1న ఆకాశవాణిలో కలిసిన కేంద్రం అది. ఆ ఇంటి వంటగదిలో ట్రాన్సిస్టర్ ముల్లు పొద్దుటి భక్తిరంజని కోసం ఎప్పుడూ అక్కడే నిలబడి ఉండేదట. పెద్దాయనకు ఇష్టమైన రెండోది 102.8 ఎఫ్.ఎం., వివిధ భారతి. చిక్కడపల్లికి కూరగాయలకు వెళ్లినా, త్యాగరాయ గానసభలో కచేరీకి వెళ్లినా, నగర కేంద్ర గ్రంథాలయానికి వెళ్లినా ఈ రెండింటిలో ఒకటి కారులో మోగాలి. నాకూ అంతకు మించిన కోరిక లేదు. ఉన్న పాటను మళ్లీ మళ్లీ వినిపించడానికి సవాలక్ష పెట్టెలున్నాయి. అప్పటికప్పుడు గాలిలో వచ్చే మాటను పట్టి ఇవ్వడం రేడియో ఒక్కటే చేయగల పని.

బిగించేటప్పుడే ఒక తప్పు జరిగింది. నా వెనక తీగల్లో పసుపు తీగకు బ్యాటరీ నుంచి ఎప్పుడూ కరెంటు రావాలి. నా జ్ఞాపకం బతికేది దానిమీదే. ఎరుపు తీగకు తాళం తిప్పినప్పుడు వస్తే చాలు. నలుపు కారు బాడీకి. నీలం, కరెంటుతో లేచే అంటెన్నా ఉంటే దానికి. బిగించిన కుర్రాడు పసుపునూ ఎరుపునూ కలిపి మెలిపెట్టి తాళానికి వచ్చే తీగకే చుట్టేశాడు. కారు ఆపిన ప్రతిసారీ గడియారమూ, దాచిపెట్టిన స్టేషన్లూ నా బుర్రలోంచి తుడిచిపెట్టుకుపోయేవి. అదైనా అర్థమయ్యే జబ్బు. రెండోది ఎవరికీ అంతుపట్టలేదు.

98.3 మిర్చి, 91.1 రేడియో సిటీ, 92.7 బిగ్, 101.9 రెయిన్‌బో, అన్నీ నిక్షేపంగా వచ్చేవి. వివిధ భారతి దగ్గరికి వచ్చేసరికి మీట ఒకసారి నొక్కితే 102.7, ఇంకోసారి నొక్కితే 102.9. రెండు చోట్లా పాట వినపడేది, కానీ గాయని గొంతు ఎత్తుకున్న చోటల్లా చీలిపోయేది. సీక్ మీట నొక్కితే అసలు అక్కడ ఆగకుండానే దాటిపోయేవాణ్ణి. మీడియం వేవ్‌లోకి వెళ్తే 730 తర్వాత 740. ఆ 740 మీద హైదరాబాద్ వినిపించేది. అయితే వార్తలు చదివే మనిషి నోట ప్రతి 'స' దగ్గరా గరగర.

కారులో రేడియో సరిగ్గా రాకపోతే ముందు అంటెన్నా మీదే పడతారు. చాలాసార్లు అది సబబే. 102.8 మెగాహెర్ట్జుల అల పొడవు సుమారు 2.9 మీటర్లు. అందులో నాలుగో వంతు 73 సెంటీమీటర్లు. అంచేత లాగే కడ్డీ అంటెన్నాను ముప్పావు మీటరు దాకా లాగితే ఎఫ్.ఎం. బాగా అందుతుంది. 738 అల పొడవు మాత్రం 406 మీటర్లు. దాని నాలుగో వంతు వంద మీటర్లు దాటుతుంది, అంత కడ్డీని ఏ కారు మోస్తుంది? కాబట్టి మీడియం వేవ్‌కు ప్రతి కారు అంటెన్నా పొట్టిదే. ఆ కాస్త అందుకున్నది కేబుల్లోనూ, కడ్డీ మొదట్లోనూ పోకుండా చూసుకోవడమే చేయగలిగింది.

పెద్దాయన కడ్డీ మార్పించారు. తేడా లేదు. ఇంకో చోట బూస్టర్ పెట్టించారు. అది పెట్టాక జబ్బు ముదిరింది. ట్రాన్స్‌మిటర్లు దగ్గర్లోనే ఉండి సిగ్నల్ ముందే బలంగా ఉన్న ఊళ్లో బూస్టర్ పెడితే లోపలి సర్క్యూట్ తట్టుకోలేదు, ఒక స్టేషన్ మీద ఇంకోటి వచ్చి పడుతుంది. "ఆ పెట్టె మావాడి దగ్గరే ఉండనిస్తే పోయేదండీ" అంది ఇంటావిడ. నాకు చాలా బాధేసింది.

నారాయణగూడలో ఒక గల్లీలో పాత రేడియో పనివాడొకాయన ఉండేవారు. పోస్టాఫీసులో రేడియో లైసెన్సు కట్టే రోజుల్లో వాల్వు సెట్లు బాగుచేసిన చెయ్యి. అందరూ ఉస్తాద్ అనేవారు. ఆయన నన్ను వెంటనే గూట్లోంచి పీకలేదు. "సార్, ఇంజన్ బంద్ చేసి తాళం సగం తిప్పుండ్రి" అన్నారు. ఇంజన్ ఆగినా గరగర అలాగే ఉంది. అంటే స్పార్క్ ప్లగ్గులదీ ఆల్టర్నేటర్‌దీ దోషం కాదు. బూస్టర్ పీకి పక్కన పడేశారు. తర్వాత మీటరు తీశారు. అంటెన్నా ప్లగ్గు నడిమి పిన్నుకూ కడ్డీ కొసకూ మధ్య చూశారు: సున్నాకు దగ్గర. పిన్నుకూ బయటి తొడుగుకూ మధ్య: మీటరు ఉలకలేదు. తొడుగుకూ కారు బాడీకీ మధ్య: మళ్లీ సున్నా. ఈ మూడూ ఇలా ఉంటే అంటెన్నా, కేబులు రెండూ ఆరోగ్యంగా ఉన్నట్టు. అయినా నమ్మకం చాలక, అంటెన్నా ప్లగ్గు తీసేసి నా సాకెట్లో ముప్పావు మీటరు వైరు గుచ్చి కూడా విన్నారు. అదే గొంతు, అదే గరగర.

"అంటెన్నా మంచిగుంది సార్. కేబులు మంచిగుంది. స్టేషన్ గాలిల ఉండనే ఉంది, నా దుకాణంల ట్రాన్సిస్టర్‌ల మోగుతున్నది. ఇగ మిగిలింది ఈ సెట్టే."

అప్పుడు పెద్దాయన కాస్త మొహమాటపడుతూ, "ఒక విచిత్రం చెప్పనా ఉస్తాద్? రాత్రిపూట కడప స్టేషన్ శుభ్రంగా వస్తుంది. ఊళ్లో ఉన్న హైదరాబాదే రాదు" అన్నారు.

"కడప ఎంత మీద?"

"తొమ్మిది వందలు."

"బెజవాడ?"

"837. ఇందులో 840 మీద పట్టుకోవాలి. అదీ ఇదే వరస."

ఉస్తాద్ నా గుండీ తిప్పుతూ అంకెలు చదివారు. 530, 540, 550. ఎఫ్.ఎం.కి మార్చారు. 87.9, 88.1, 88.3. "అన్నీ బేసే వస్తున్నయి సార్. సరి అంకె ఒక్కటి లేదు. 102.8 దీంట్ల ఏడున్నది?" పెద్దాయన జేబులోంచి పెన్ను తీసి కరెంటు బిల్లు వెనక లెక్క వేశారు. అకౌంట్స్ మనిషి కదా, ఆట్టే సేపు పట్టలేదు. 738ని తొమ్మిదితో భాగిస్తే 82, శేషం లేదు. 837కి 93. హైదరాబాద్ 'బి' కేంద్రం 1377కి 153. కడప 900కి సరిగ్గా వంద. "అన్నీ తొమ్మిదితో పోతున్నాయి ఉస్తాద్! పదితో కూడా పోయేది కడప ఒక్కటే." ఆయన ముఖం వెలిగిపోయింది. నా లోపలేముందో నన్ను చేసినవాళ్ల తర్వాత మొదట చూసింది వాళ్లిద్దరే.

సంగతేమిటంటే, 1975లో జెనీవాలో జరిగిన సమావేశంలో యూరప్, ఆఫ్రికా, ఆసియా దేశాలు మీడియం వేవ్ స్టేషన్లను తొమ్మిదేసి కిలోహెర్ట్జుల ఎడంలో పెట్టుకోవాలని ఒప్పుకున్నాయి. 1978 నవంబరు 23 నుంచి అది అమల్లోకి వచ్చింది. మన పట్టీ 531 దగ్గర మొదలవుతుంది. అమెరికా ఖండాలు పది లెక్కనే ఉంచుకున్నాయి, అక్కడ 530 దగ్గర మొదలు. ఎఫ్.ఎం.లోనూ అంతే. అమెరికాలో స్టేషన్లు 0.2 చొప్పున బేసి దశాంశాల మీదే ఉంటాయి. మన దగ్గర 0.1 చొప్పున సరీ బేసీ రెండూ ఉంటాయి. పదేసి మెట్లు దాటే కాలు ఎనిమిదో మెట్టు మీద ఆనదు. హైదరాబాద్‌కు నేను రెండు కిలోహెర్ట్జుల ఇవతల నిలబడి, సగం గొంతు మాత్రమే అందుకుంటూ వచ్చాను. మిర్చీ, రెయిన్‌బో బేసి అంకెల మీద ఉండబట్టి వాటికి ఏ ఇబ్బందీ రాలేదు. అన్ని స్టేషన్లూ పాడైతే ఎవరైనా సెట్టునే అనుమానించేవారు. కొన్ని బాగుండి కొన్ని చెడటంతోనే అందరూ అంటెన్నా చుట్టూ తిరిగారు.

మందు నా లోపలే ఉంది. నన్ను ఆఫ్ చేసి, సోర్స్ మీట నొక్కి పట్టుకుంటే ఒక దాపుడు మెనూ వస్తుంది. అందులో ఏరియా అన్నచోట 'యు.ఎస్.' అని ఉంది. ఉస్తాద్ గుండీ తిప్పి 'ఇ.యు.' చేశారు. యూరప్ అని పేరేగానీ తొమ్మిది లెక్క మనదీ అదే. పసుపు తీగను విడదీసి బ్యాటరీ లైనుకు కలిపారు. అది చేయకపోతే తాళం తీయగానే మళ్లీ అమెరికా వెళ్లిపోయేవాణ్ణి. సీక్ నొక్కారు. 102.8 దగ్గర ఆగాను. ఆ పాట గొంతు చీలకుండా వినిపించిన క్షణంలో పెద్దాయన ఉస్తాద్ చెయ్యి పట్టుకున్నారు. డబ్బులు ఎంత అంటే, "స్క్రూ కూడా ఇప్పలేదు సార్, ఏం తీసుకోవాలె" అన్నారాయన. పెద్దాయన బలవంతంగా జేబులో పెట్టి వచ్చారు.

ఆ తర్వాత వచ్చినవన్నీ మామూలు జబ్బులే, కానీ గుర్తు పట్టడం తెలియాలి. ఒకసారి 738 మీద ఉన్నట్టుండి ఒకటే జుయ్యి. సిగరెట్ లైటర్ సాకెట్లో మనవడు చౌక ఫోన్ చార్జరు గుచ్చాడు. అందులోని సర్క్యూట్ 12 వోల్టులను 5 వోల్టులుగా కోసే వేగం నేరుగా మీడియం వేవ్ మీద పడుతుంది. చార్జరు పీకగానే పోయింది. ఇంకోసారి యాక్సిలరేటర్‌తో పాటు పెరిగే టిక్కుటిక్కు. సర్వీసింగ్‌లో రెసిస్టర్ లేని స్పార్క్ ప్లగ్గులు వేశారు. రెసిస్టర్ ఉన్నవి వేయించాక సద్దుమణిగింది.

2020 అక్టోబరు 13 రాత్రి వాన మాత్రం మరిచిపోలేను. సందులో నీళ్లు సీట్ల దాకా వచ్చాయి. నా దాకా రాలేదు. అంటెన్నా మొదట్లో మాత్రం తుప్పు చేరి, కేబులు తొడుగుకూ బాడీకీ సంబంధం తెగింది. ఇంజన్ చప్పుడంతా నా చెవిలోకి వచ్చేది. ఈసారి మెకానిక్ అక్కర్లేకపోయింది. పెద్దాయన తానే మీటరు కొని, ఉస్తాద్ చేసినట్టే మూడు చోట్లా పెట్టి చూసి, మూడోచోట తప్పుందని పట్టుకున్నారు. ఉప్పు కాగితంతో రేకు మెరిసేదాకా రుద్ది, నట్టు బిగించి, గ్రీజు రాశారు.

ఈమధ్య దారే మారిపోయింది. 2020 ఫిబ్రవరిలో జేబీఎస్ నుంచి ఎంజీబీఎస్ దాకా మెట్రో మొదలై ఆర్టీసీ క్రాస్ రోడ్స్, చిక్కడపల్లి, నారాయణగూడ మీదుగా నెత్తిన నడుస్తోంది. 2023 ఆగస్టు 19న ఇందిరా పార్కు నుంచి వీఎస్టీ దాకా నాయిని నర్సింహారెడ్డి పేరుతో ఉక్కు వంతెన తెరిచారు. అది క్రాస్ రోడ్స్ దగ్గర మెట్రో లైను పైనుంచి కూడా దాటుతుంది. రాంనగర్ నుంచి దాని కింద నడిచే దారిలో 738 చటుక్కున సన్నబడుతుంది. ఉక్కు కప్పుకూ నేలకూ మధ్య ఇరుకులోకి 406 మీటర్ల అల దిగలేదు. ఎఫ్.ఎం. అల పొట్టిది కాబట్టి దూరుతుంది, కానీ స్తంభాలకు తగిలి ముక్కలై వచ్చి కారు కదిలేకొద్దీ రెపరెపలాడుతుంది. ఆ చోట నన్ను విప్పించి ప్రయోజనం లేదు. ఇందిరా పార్కు వైపు బయటపడి మళ్లీ వినాలి, అక్కడ బాగుంటే సెట్టూ అంటెన్నా బాగున్నట్టే. అదే వంతెన పైకెక్కితే 102.8 అంత తేటగా ఊళ్లో ఇంకెక్కడా వినలేదు నేను.

పదిహేనేళ్లు నిండినా పెద్దాయన ఫిట్‌నెస్ చేయించి, గ్రీన్ ట్యాక్స్ కట్టి కారును ఉంచుకున్నారు. కిందటి చలికాలం బ్యాటరీ మార్చారు. ఆ కాసేపు కరెంటు తెగడంతో నాకున్నదంతా చెరిగిపోయి పుట్టినప్పటి లెక్కకు వచ్చేశాను. అప్పుడే కొడుకు సెలవులకు వచ్చి ఉన్నాడు. స్టీరింగ్ పట్టుకుని, 102.7కీ 102.9కీ మధ్య నాలుగైదుసార్లు తిప్పి, "నాన్నా, ఇది ముసలిదైపోయింది. ఈసారి వచ్చేటప్పుడు కొత్తది పట్టుకొస్తా" అన్నాడు.

"కొత్తదీ అక్కడి సెట్టే కదరా, దానికీ ఇదే చెప్పాలి. దాన్ని ఆఫ్ చెయ్యి. సోర్స్ మీట నొక్కి పట్టుకో. ఇంకా పట్టుకో. ఏరియా అని వచ్చిందా? ఇ.యు. పెట్టు."

కొడుకు పెట్టాడు. 102.8 మీద జనరంజని అందుకున్నాను. పెద్దాయన అంతటితో ఊరుకోలేదు. మీడియం వేవ్‌కు మార్పించి, 738 దగ్గర ఆపించి, ఒకటో మీటలో దాచమన్నారు.