ఎడమచేతి వెన్న

నంద్యాలలో నాణేల ప్రదర్శన అంటే కల్యాణ మండపంలో ఓ ఇరవై బల్లలు. స్టీలు పళ్లేల్లో చిల్లు కాణీలు, నిజాం చార్మినార్ రూపాయలు, కుంపిణీ వారి పావు అణాలు. మధ్యాహ్నం పులిహోర పొట్లం.

"ఇది సంతయ్యా. సరుకు చూడాలంటే బెంగళూరు పోవాల" అనేవారు రిటైరైన లెక్కల అయ్యవారు. ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ ఎక్కి పోయారు కూడా.

అక్కడ జాతీయ ప్రదర్శన. దేశం నలుమూలల నుంచి వ్యాపారులు, ఏసీ హాలు, గాజు పెట్టెలు, వేలం పాటకు రంగుల కేటలాగు. అయ్యవారికి కావలసింది ఒక్కటే: శ్రీకృష్ణదేవరాయల బంగారు వరహా. 1515లో రాయలు అహోబిలం వచ్చి నరసింహస్వామికి కానుకలిచ్చినట్టు అక్కడి శాసనం చెబుతుంది. ఆ చేతి సొమ్ము ఒక్కటైనా తన బీరువాలో ఉండాలని ఆయన కోరిక.

వరహా మీద బాలకృష్ణుడు కూర్చుని ఉంటాడు. అటూ ఇటూ శంఖ చక్రాలు, కుడిచేతిలో వెన్నముద్ద. వెనక నాగరి లిపిలో మూడు వరసల్లో రాయల పేరు. బరువు మూడున్నర గ్రాములకు కాస్త తక్కువ.

గాజు పెట్టెలోని వరహాలో వెన్న ఎడమచేతిలో ఉంది.

అయ్యవారు భూతద్దం తీశారు. చెయ్యి ఎడమదే. వెనక అక్షరాలు సరిగ్గానే ఉన్నాయి. తూకం సరిపోయింది. బంగారం బంగారమే. పెట్టె ముందు కార్డు మీద 'అత్యంత అరుదైన రకం' అని అచ్చువేసి ఉంది. ఇంతటి ప్రదర్శనలో, ఇంతమంది పెద్దల ముందు పెట్టిన సరుకు. మామూలు వరహా ధరకు రెట్టింపు చెప్పారు. ఇచ్చారు.

మరుసటి నంద్యాల ప్రదర్శనలో ఆయన బల్ల మీద ఎర్ర మఖమల్ గుడ్డ, దాని మీద ఆ ఒక్క నాణెం. పక్క బల్ల కాణీల ముసలాయన వంగి చూశాడు.

"వెన్న ఎడంచేతిలో ఉందేం సార్?"

"ఆ చేతికే కదయ్యా రెట్టింపు పోసింది!"

ముసలాయన పోయి తన పళ్లెం ముందు కూర్చున్నాడు.

ఆ బొమ్మను రాతిలో పెద్దది చేయించి ఇంటి గుమ్మం పక్కన పెట్టాలని అయ్యవారికి తోచింది. శిల్పాలకు ఆళ్లగడ్డ ఉండనే ఉంది. బస్సెక్కి పోయి, రోడ్డు పక్క పాకలో రాతిపొడిలో కూర్చున్న శిల్పి చేతిలో నాణెం పెట్టారు.

"అచ్చం ఇట్లే రావాల. వెన్న ఎడమచేతిలోనే."

శిల్పి ఉలి పక్కన పెట్టాడు. నాణేన్ని వెలుతురుకు పట్టి చాలాసేపు చూశాడు.

"దీని అచ్చు నేను కోసిందే సార్. మూడేండ్ల కిందట లాకెట్లకని ఒకాయన అడిగినాడు. ఉక్కు మీద పని నాకు అదే మొదలు. వెనక అక్షరాలు కాగితం మీద తిరగేసి ఇచ్చినారు, అవి బాగానే వచ్చినాయి. బొమ్మ కూడా తిరగేసి కోయాలని తెలీక ఫోటోలో ఉన్నట్టే కోసేసినా. తప్పుపోయిందని మళ్లీ ఇంకోటి కోసిచ్చినా."

"మరి ఈ అచ్చు?"

"పారేయమని చెప్పినా సార్. దానికి కూలి కూడా తీసుకోలే."