పొగాకు పీపా చెప్పిన కథ

నేను పొగాకు పీపాని. వర్జీనియాలో జేమ్స్ నది ఒడ్డున పెరిగిన ఓక్ చెట్టు కొయ్య నాది. పీపానయింది 1660ల్లోనే గానీ, చెట్టుగా ఉన్నప్పుడే చాలా చూశాను. 1607 మే నెలలో మూడు ఓడలొచ్చాయి. ఒడ్డు దగ్గరే నీళ్లు లోతు కావడంతో వాటిని నేరుగా మా చెట్లకే కట్టేశారు. దిగినవాళ్లు నూరు మందికి కాస్త ఎక్కువ. అందరూ మగవాళ్లు, కుర్రాళ్లే.

వాళ్లను పంపింది లండన్‌లో వాటాలమ్మి సొమ్ము పోగేసిన వర్జీనియా కంపెనీ. బంగారం మీద ఆశ. మెరిసే మట్టిని ఓడకెత్తి పంపారు కూడా, అక్కడ తేలింది మట్టేనని! గాజు చేశారు, పట్టుపురుగులు పెంచారు, మా చెట్లు కోసి పలకలు పంపారు. ఏదీ గిట్టలేదు. వచ్చినవాళ్లలో పెద్దింటి బాబులకు కొదవలేదు, పార పట్టడం వాళ్లకు నామోషీ. తిండికి అక్కడి మూలవాసులైన పొవ్హాటన్ ప్రజల మొక్కజొన్నే దిక్కు. ఇస్తే పుచ్చుకునేవారు, ఇవ్వకపోతే లాక్కునేవారు. 1609 చలికాలానికి ఆ దారీ మూసుకుపోయింది. కుక్కల్ని, ఎలకల్ని, చివరికి జోళ్ల తోలును తిన్నారు. ఆపైన ఏం తిన్నారో, నాలుగు వందల ఏళ్ల తర్వాత తవ్వకాల్లో దొరికిన ఓ పద్నాలుగేళ్ల పిల్ల పుర్రె మీది కత్తిగాట్లు చెప్పాయి. ఐదొందల మంది దాకా ఉన్నవాళ్లలో వసంతానికి మిగిలింది అరవై మంది.

1612 ప్రాంతంలో జాన్ రోల్ఫ్ అనే ఆయన ఎక్కడినుంచో మేలురకం పొగాకు విత్తనం సంపాదించి నాటాడు. లండన్‌కు ఆ ఆకు నచ్చింది. ఇంకేం, 1617 నాటికి వాళ్ల ఊరు జేమ్స్‌టౌన్ వీధుల్లో కూడా పొగాకే! ముందు రెండెకరాల మొక్కజొన్న వేశాకే పొగాకు వేయాలని గవర్నరు ఆజ్ఞ పెట్టాల్సొచ్చింది. డబ్బు కరువైన చోట ఆకే డబ్బయింది. పన్నులు ఆకులోనే, పాదిరీ జీతం ఆకులోనే.

ఆ పంటకు చాకిరీ ఎక్కువ. నారు పోయాలి, తల తుంచాలి, పిలకలు తీయాలి, పురుగుల్ని చేత్తో ఏరాలి. దానికి మనుషులు కావాలి గనక, ఓడ ఛార్జీ పెట్టి మనిషిని తెచ్చినవాడికి తలకు యాభై ఎకరాలు. వచ్చినవాడు మాత్రం నాలుగు నుంచి ఏడేళ్లు వెట్టి చేయాలి, అప్పటిదాకా బతికుంటే. 1619లో ఇరవై మందికి పైగా ఆఫ్రికన్లను ఓ ఓడవాళ్లు తిండి సరుకులకు మార్చుకున్నారు. 1662లో చట్టమే వచ్చింది: తల్లి బానిసైతే బిడ్డా బానిసే.

పొగాకు మూడు నాలుగు పంటలకే నేల సారం పీల్చేస్తుంది. మళ్లీ కొత్త నేల కావాలి. అది పొవ్హాటన్లదే. 1622లో వాళ్లు తిరగబడి 347 మంది వలసదారులను చంపారు. బదులుగా వలసదారులు ఏళ్ల తరబడి పొవ్హాటన్ల ఊళ్లు తగలబెట్టారు, పంటలు కోసేశారు. పొలం కోసం చెట్ల మొదట్లో చుట్టూ బెరడు వలిచి వదిలేసేవారు, నిలువునా ఎండిపోయేవి. ఆ మోడుల మధ్యే పొగాకు మొక్కలు. నన్ను మాత్రం నరికి, పలకలుగా చీల్చి, వంచి కట్లు బిగించారు.

ఆకు పదునుకొచ్చిన రోజు చూసి నాలో పొరలు పొరలుగా పేర్చారు. మరీ ఎండితే పొడైపోతుంది, చెమ్మ ఎక్కువైతే దారిలో కుళ్లుతుంది. దూలం వేసి అదిమితే నాలుగొందల పౌండ్ల దాకా పట్టింది. ఆ బరువుతో ఓడ రేవుకు దొర్లాను.

పౌండుకు పెన్నీ కూడా పలకని రోజులవి. 1660 నాటి ఇంగ్లండు చట్టం ప్రకారం ఇంగ్లండుకు, దాని ఏలుబడిలోని చోట్లకు తప్ప వేరే దేశానికి పంపకూడదు. ధర పడింది గనక అప్పు తీరాలంటే ఇంకో రెండెకరాలు ఎక్కువ వేయాలని నా యజమాని లెక్క. ఊరంతా అదే లెక్క వేసింది, ధర ఇంకా పడింది. ఒంగోలు, కందుకూరు పొగాకు వేలం కేంద్రాల ముందు బేళ్లతో నిలబడే రైతుకు ఈ లెక్క నేను విప్పి చెప్పక్కర్లేదు.